డీజిల్ బండికి కొత్త గాలి గొట్టం: కొనే ముందు ఆలోచిద్దాం

(పూండిలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి మాట్లాడే వేదిక మీద బండి గురించి చెబుతున్నాడేమిటి అనుకోకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. తోట మీదే బతకడం కష్టమై మనలో కొందరం అప్పుచేసి పికప్ వ్యాన్లు కొన్నాం. కొబ్బరికాయలు, పనసకాయలు, జీడిపిక్కలు పలాసకో టెక్కలికో తోలుతున్నాం. బండి ఆగినా వాయిదా ఆగదు.

నా బండి ఎందుకు ఆగిందో చెబుతాను. అది సెకండ్‌హ్యాండ్ బండి. ఒక దుకాణంలో 'కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్' వేయించుకో, పికప్ పెరుగుతుంది, డీజిల్ కలిసొస్తుంది అన్నారు. తొమ్మిది వేలు పెట్టాను. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి లావుపాటి గొట్టం, దాని కొసన గరాటులాంటి గుడ్డ ఫిల్టర్ బిగించారు. ఇంజన్ శబ్దం మారింది. బలం పెరిగినట్టే అనిపించింది. లెక్క రాసి చూస్తే డీజిల్‌లో తేడా లేదు. ఏడాది తిరక్కుండానే ఆయిల్ తగ్గడం, నీలం పొగ మొదలైంది. మెకానిక్ విప్పితే రింగులు అరిగిపోయాయి, గొట్టం లోపల సన్నటి మట్టి పేరుకుంది. 62 వేలు ఖర్చు. 80 కిలోల పిక్కల బస్తాకు 16 వేలు ఇమ్మని రోడ్డెక్కి అడుగుతున్న మనిషిని, నాలుగు బస్తాల సొమ్ము పొగ చేసుకున్నాను.

దుకాణం వాళ్లు చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే అదే చోటులో సుమారు 3 శాతం ఎక్కువ గాలి పడుతుంది. కానీ డీజిల్ ఇంజన్ మామూలు బరువు మీద అవసరానికి మించిన గాలే పీలుస్తుంది. బలాన్ని నిర్ణయించేది లోపలికి వెళ్లే డీజిల్. టర్బో ఉన్న చాలా బండ్లకు గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ముందే ఉంటుంది. పైగా ఆ గరాటు ఫిల్టర్‌కు మూత లేకపోతే బానెట్ లోపలి వేడి గాలినే పీలుస్తుంది. పేరు చల్లగాలి, పీల్చేది వేడిగాలి!

ఒక లీటరు డీజిల్ కాలాలంటే తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావాలి. మన తోటల దారుల్లో ఆ గాలితోపాటు ఎంత ఇసుక దుమ్ము వస్తుందో మీకు తెలుసు. అందుకే ఇక్కడ మనకు కావలసింది ఎక్కువ గాలి కాదు, శుభ్రమైన గాలి.

అయినా కిట్ కొనాలనుకుంటే నాలుగు ప్రశ్నలు వేయండి. ఒకటి, సన్న దుమ్మును ఎంతవరకు ఆపుతుందో కాగితం మీద చూపిస్తారా? రెండు, ఫిల్టర్‌కు మూసిన డబ్బా ఉందా? మూడు, గాలి పీల్చే మూతి ఎంత ఎత్తున ఉంది? వరద నీళ్లలో కిందనున్న మూతి నీరు పీలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాలుగు, మీ బండికి గాలి కొలిచే సెన్సర్ ఉందా? గుడ్డ ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే అది సెన్సర్‌కు అంటి పాడుచేస్తుంది. వారంటీ ఉన్న బండి అయితే కంపెనీ వాళ్లను ముందే అడగండి. అనుమతి లేని మార్పు చేస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడొచ్చు.

నా మాట అడిగితే, కంపెనీ డబ్బానే ఉంచుకోండి. మంచి ఫిల్టర్‌ను బిల్లు తీసుకుని కొనండి. దుమ్ము దారిలో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే చూసుకోండి. ఫిల్టర్‌ను నేలకేసి కొట్టకండి, కాగితం చిరుగుతుంది. గాలి కొట్టాల్సివస్తే లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టండి. గొట్టాల క్లిప్పులు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. పాత ట్రాక్టర్‌కు నూనె గిన్నె ఉంటే అడుగున బురద చేరగానే నూనె మార్చండి, గీత వరకే పోయండి.

చివరగా సంఘానికి ఒక మనవి. ఫిల్టర్లు మనమంతా కలిసి ఒకేసారి కొంటే ధర తగ్గించమని అడగొచ్చు, నకిలీ సరుకును పట్టుకోవచ్చు. పంట అమ్మేటప్పుడు ఎలా కలిసి నిలబడుతున్నామో, కొనేటప్పుడూ అలాగే నిలబడదాం. నా 62 వేలు పోయాయి. మీవి పోకూడదనే ఇంతసేపు చెప్పాను.