నడిగడ్డ బడి: పాతయు క్రొత్తయు

విద్యావిధానములో సంప్రదాయమునకును నవ్యతకును గల సంబంధమును గూర్చి మాటలాడుమనినచో వక్తలు సామాన్యముగా రెండు పక్షములుగా చీలుదురు. ఒకరు నలందా తక్షశిలలతో ఆరంభింతురు. మరియొకరు కంప్యూటరుతో ఆరంభింతురు. మేము ఈ రెండింటిని విడిచి మానవపాడు నుండి ఆరంభింపదలచితిమి. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర ప్రవహించుచుండగా నడుమ నున్న భూమిని ఇచ్చటివారు నడిగడ్డ యందురు. మానవపాడు ఆ నడిగడ్డలోనిది. 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లా పరిధిని 2011 జనాభా లెక్కలతో సరిచూచినచో అక్షరాస్యులు నూటికి 50 మందికి లోపే తేలిరి. తెలంగాణములో ఇంత తక్కువ సంఖ్య మరి ఏ జిల్లాలోను లేదు. రెండు మహానదుల నడుమ అక్షరమునకు వచ్చిన ఈ కరవు చిన్న విషయము కాదు. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన జాతీయ విద్యావిధానము ప్రాచీన భారతీయ జ్ఞానమును, ఆధునిక సాంకేతికమును రెంటిని ఆదరించినది. ఆ ఆదరము నడిగడ్డలోని ఒక పల్లెబడి గడపకు చేరునప్పటికి ఏ రూపము దాల్చునో చూడవలెను.

మొదట పాతదానిని తలంతము. మన తాతముత్తాతల కాలపు వీధిబడిని గూర్చి ఊహాగానములే కాక లిఖితాధారములు కూడ కలవు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ప్రతి జిల్లాలోను ఉన్న దేశీయ పాఠశాలల వివరములను తెలుపవలసినదిగా కలెక్టరులను కోరెను. నడిగడ్డ అప్పుడు నైజాము రాజ్యములోనిది కనుక ఆ లెక్కలోనికి రాలేదు. కాని తుంగభద్ర కావలి ఒడ్డున పడమటగా నున్న బళ్ళారి జిల్లానుండి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మిక్కిలి విపులమైనది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన వ్రాసెను. వానిలో తెలుగు బడులు, కన్నడ బడులే హెచ్చు. ఐదవ యేట గణపతిపూజ చేసి, బియ్యములో పిల్లవాని వ్రేలు పట్టి వ్రాయించుట, ఇసుకలో అక్షరములు దిద్దించుట, తెల్లవారుజామునే బడికి రప్పించుట మొదలగునవన్నియు అందు కలవు. మొదట వచ్చినవానికి అరచేత శ్రీ, రెండవవానికి చుక్క, తరువాత వచ్చినవానికి బెత్తపు దెబ్బ! ఈ శ్రీ చుక్కల ముచ్చట మన పెద్దల నోట విన్నవారు నేటికిని ఉందురు.

ఆ బడిలో మెచ్చదగిన పద్ధతి మరియొకటి కలదు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠము చెప్పుచుండిరి. ఒక్క పంతులు పలు తరగతులను నడపగలిగిన కీలకము ఇదే. ఈ ఏర్పాటు ఇంగ్లండులో అనుకరింపబడుటకు తగినదేనని కాంప్‌బెల్ ప్రశంసించెను. అప్పటికే అది సముద్రము దాటియుండెను. మద్రాసులో అనాథ బాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్ అను పాదరీ ఇక్కడి పిల్లలు ఇసుకలో వ్రాసికొనుట చూచి, పిల్లలచేత పిల్లలకు చెప్పించు పద్ధతిని తన శరణాలయమున ప్రవేశపెట్టి, 1797లో లండనులో గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులోని బీదల బడులలో అది మద్రాసు పద్ధతి యను పేర చెలామణి యయ్యెను. మన అరుగుమీది పాత అలవాటు వారికి క్రొత్త శాస్త్రమైనది. నేడు మన శిక్షణ తరగతులలో దీనినే సహాధ్యాయి బోధన యని క్రొత్తగా నేర్పుచున్నారు.

అయితే వీధిబడిని నెత్తికెత్తుకొనుటకు మేము సిద్ధముగా లేము. ఆ 6,641 మందిలో బాలికలు కేవలము 60 మంది. మాలమాదిగల బిడ్డలకు ఆ అరుగు అందనిది. పిల్లలు కంఠస్థము చేసిన పద్యముల అర్థము వారికే గాక, అనేకచోట్ల పంతులకును తెలియదని కాంప్‌బెల్ దుయ్యబట్టెను. అది కటువైన మాటయే గాని, ఆ జాడ్యము నేటికిని మన బడులను వీడలేదు. పద్యమునకు బదులు ఇంగ్లీషు వాక్యము వచ్చినది, అంతే.

ఇక భాష. 1918లో నైజాము రాజ్యమున స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము గొప్ప సాహసము. ఆధునిక శాస్త్రములను ఇంగ్లీషులో గాక దేశభాషలో బోధింపవచ్చునని అది నిరూపించినది; గ్రంథములను అనువదించుటకు ప్రత్యేక శాఖయే పనిచేసినది. కాని ఆ దేశభాష ఉర్దూ. తెలుగు తప్ప మరొకటి యెరుగని నడిగడ్డ పిల్లవానికి ఇంగ్లీషెంతో ఉర్దూయు అంతే. రాజధానికి నవ్యమైనది పల్లెకు మరొక గోడ యైనది. 1896లో మానవపాడు చెంతనున్న బోరవెల్లిలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు చదువుకై తుంగభద్ర దాటి కర్నూలు చేరవలసివచ్చెను. ఆయనయే తరువాత 1926లో గోలకొండ పత్రిక స్థాపించి, తెలంగాణములో కవులు పూజ్యమను నిందకు 1934లో 354 మంది కవులతో సమాధానము చెప్పిరి.

2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. తల్లిదండ్రులు కోరిరి కనుక వచ్చినది. కూలి చేయువాడు తన బిడ్డకు ఇంగ్లీషు కావలెననుట తప్పెట్లగును? పట్టణములో బిడ్డలను కాన్వెంటుకు పంపి, పల్లెవారికి మాతృభాషా మహిమను బోధించుట మాకు సమ్మతము కాదు. జాతీయ విధానమేమో వీలైనంతవరకు ఐదవ తరగతిదాక మాతృభాషలోనే బోధింపుమన్నది. ఈ రెంటి నడుమ ఒక చక్కని వస్తువు పుట్టినది. అది ఎడమపుటలో ఒక భాష, కుడిపుటలో ఒక భాషగా అచ్చువేసిన పాఠ్యపుస్తకము. ఇది మా కంటికి మిక్కిలి నచ్చినది. మూలమును టీకను చేరవైచి చదువుట మన పండితులకు అనాదిగా అలవాటే కదా! కాని ఉపాధ్యాయుడు రెండు పుటలను నిజముగా వాడినప్పుడే ఆ పుస్తకమునకు ప్రయోజనము. పరీక్ష ఒక్క పుటనుండియే వచ్చినచో రెండవ పుట కాగితము దండుగ.

పుస్తక మెట్లున్నను, పిల్ల బడికి రానిదే అది తెరువబడదు. నడిగడ్డలో అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. గద్వాల పరిసరములు సంకర ప్రత్తి విత్తనములకు పేరుపొందినవి. సాయంత్రము ఒక్కొక్క మొగ్గనుండి పుప్పొడి భాగమును తొలగించి, మరునాటి ఉదయము మగపూవు పుప్పొడిని చేతితో అద్దవలెను. శ్రావణ భాద్రపదములలో, ఆ తరువాత కొన్నాళ్ళు, ప్రతిదినము ఈ పని సాగవలసినదే. ఇందుకు చిన్న వ్రేళ్ళు కావలెనని ఆడపిల్లలను దింపుట ఏండ్లతరబడి జరిగిన సంగతి. దానిపై అధ్యయనములు, కేసులు అనేకము వచ్చినవి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుటను నిషేధించినది గాని, బడివేళలు గాక మిగిలిన సమయమున సొంత కుటుంబమునకు సాయపడుటను అనుమతించినది. ప్రొద్దున పూవు విచ్చువేళయు, బడిగంట మ్రోగువేళయు ఎంత దగ్గరగా నుండునో చట్టము వ్రాసినవారు ఆలోచించిరో లేదో.

కొందరు బడి సెలవులను ప్రత్తి పూతకు అనుగుణముగా మార్చుమందురు. విద్యాహక్కు చట్టపు 9వ సెక్షను విద్యాసంవత్సర క్రమమును నిర్ణయించు బాధ్యతను స్థానిక సంస్థకే ఇచ్చినది కనుక చట్టరీత్యా అడ్డులేదు. కాని మేము దీనిని అంగీకరింపము. వరికోతకు సెలవిచ్చిన పాత రోజులు వేరు, విత్తనపు కంపెనీ గడువు వేరు. బడియే సెలవిచ్చి బిడ్డను చేనికి పంపినట్లగును.

మరి యేమి చేయవలెను? పాతదానిలో ఒక్కటి గ్రహింపదగినది కలదు. గురుకులమనగా మనకు వేదఘోష స్ఫురించును; దాని అసలు బలము మాత్రము శిష్యునికి దొరకిన కప్పును, కూడును. 1918లో హైదరాబాదున నెలకొన్న రెడ్డి వసతిగృహము చేసిన పని ఇదే. ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వహణ వహించిరి. అట్టి వసతులు కులముల పేర వెలసినవను లోపము లేకపోలేదు. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల తెరచినప్పుడు పేరు పాతది, ప్రవేశము ప్రతిభనుబట్టి. 2004లో వచ్చిన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములు ఆ కప్పు క్రిందికి పేద ఆడపిల్లలను చేర్చినవి.

వలస కుటుంబముల పిల్లలకై కొద్ది మాసములు మాత్రమే నడపు సీజనల్ హాస్టళ్ళు సమగ్ర శిక్షా పథకములో ఉన్నవి. తల్లిదండ్రులు ఊరు విడిచినను బిడ్డ తన బడిలోనే నిలుచుటకు అవి ఏర్పడినవి. మానవపాడు, గద్వాల పరిసరములలో వానిని వలసకే గాక ప్రత్తి పూతకు కూడ వర్తింపజేయవలెనని మా సూచన. రాత్రి బడియొద్దనే పండుకొన్న పిల్లను తెల్లవారి చేనికి పిలుచుట కష్టము. ఇందుకు క్రొత్త భవనములు అక్కరలేదు. రాత్రివేళ ఖాళీగా నుండు తరగతి గదులు, ఒక వంటమనిషి, కాపలాకు ఊరి మహిళా సంఘమునుండి ఇరువురు చాలును. దరఖాస్తులు జూన్‌లో తీసికొని, తొలి మొగ్గలు తొడుగునప్పటికి పరుపులు పరచియుండవలెను.