వరద మనకు ముప్పు, చేపకు పురుడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. నేనప్పుడు ఏడో తరగతి. నీరు తీశాక మా సైన్సు సారు మమ్మల్ని వాగు పక్క పొలాల్లోకి తీసుకెళ్లారు. మడుల్లో బురద, గుంటల నిండా చేపపిల్లలు. "ఇవి ఎక్కడివిరా?" అన్నారు. "వానతో పడ్డాయి సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. "బాగా చూసి చెప్పు" అన్నారు. చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాక ఆ జవాబు ఇవాళ చెబుతున్నాను. సారు ముందు వరసలోనే ఉన్నారు.

సార్, అవి వరదతో వచ్చాయి. బొచ్చె, రోహు, మృగాల చెరువులో ఎంత బలిసినా మామూలుగా గుడ్లు పెట్టవు. వాటికి కొత్తనీరు, పారే నీరు కావాలి. ఏరు పొంగి గట్టు దాటితే ఆ పల్లపు నీళ్లలోకి ఎక్కి గుడ్లు వదులుతాయి. ఒక రోజులోపే పిల్ల బయటపడుతుంది. మునిగిన గడ్డి దానికి చాటు, అందులో పుట్టే సన్న పురుగు మేత. గోదావరి పెరిగి మన వాగులు ఎగదన్నినప్పుడు చేపకు దారి తెరుచుకుంటుంది. 1957లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో ఈ చేపల చేత గుడ్లు పెట్టించేదాకా, చెరువుల్లో వేసే పిల్లలను ఎక్కువగా నదుల్లోనే పట్టి తెచ్చేవారు.

కొర్రమీను తీరు వేరు. నిలకడ నీటిలో గడ్డి మధ్య గూడు చేసుకుని పిల్లలకు కాపలా కాస్తుంది. నీరు ఒక్కసారిగా విరుచుకుపడితే ఆ గూడు చెదురుతుంది. నీరు ఒక్కసారిగా తీసినా నష్టమే, మడుల్లో చిక్కిన పిల్లలు ఎండకు చస్తాయి. కాబట్టి వరద ఎంత వచ్చిందన్నదే కాదు, ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది, ఎంత నెమ్మదిగా తీసిందన్నది చేపకు ముఖ్యం. నదిపై కట్టలు కట్టి గేట్లు పెట్టాక ఆ లెక్క మారుతుంది. సముద్రం నుంచి ఎదురీదే పులసకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే దారి మూసుకుంది. మనకు ఎగువన మేడిగడ్డ, సమ్మక్క సాగర్ ఉన్నాయి. సాగునీరు మనకు కావాలి, కాదనను. గేట్లు ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ చేపను కూడా లెక్కలోకి తీసుకోమంటున్నాను.

వరదను పొగడడానికి నేను రాలేదు. 2022 జులై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులు. ఆ వారంలోనే మా అమ్మను ట్రాక్టరు మీద మెరకకు చేర్చాం. ఇంట్లో ఏడాది గింజలు తడిసిపోయాయి. అంత నష్టం ఎలాగూ భరిస్తున్నాం. వరద ఇచ్చేదాన్ని కూడా పోగొట్టుకోవద్దు.

చిన్నప్పుడు తొలి వరదకు వాగు ఎదురెక్కే చేపలను బుట్టలకొద్దీ పట్టాం. అన్నీ గుడ్డు చేపలే. నేనూ పట్టాను, ఇష్టంగా తిన్నాను. ఇప్పుడు అదే వాగులో పెద్ద బొచ్చె కోసం వెతుక్కుంటున్నాం. తొలి వరదలో గుడ్డు చేపను వదిలేద్దాం. వాగు మూతికి అడ్డంగా వల కట్టొద్దు.

మన సంఘానికి ఒక మనవి. బడి పిల్లలకు ఒక నోటు పుస్తకం ఇద్దాం. వాగు ఏ రోజు పొంగింది, ఏ రోజు తీసింది, ఏ చేప కనిపించింది, ఏటేటా రాయనిద్దాం. వాళ్లు వానను కాక వాగును చూసి జవాబు చెబుతారు.

సార్, జవాబు ఆలస్యమైంది. మార్కులు మీ దయ. సెలవు.