పల్లె పక్కన పుట్టిన యూనివర్సిటీ

(అంబేద్కర్ జయంతి నాడు దళితవాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. ప్రతి ఏప్రిల్‌లో ఎవరో ఒకరు వచ్చి బాబాసాహెబ్ ఎన్ని డిగ్రీలు చదివాడో చెప్పి పోతారు. అవి మీకు కంఠతా వచ్చు. ఇవాళ నేను వేరే కథ చెబుతాను. అమెరికాలో ఒక చిన్న యూనివర్సిటీ కథ. "మనకి మండలంలో డిగ్రీ కాలేజీకే దిక్కులేదు, అమెరికా ఎందుకు మాస్టారూ" అని వెనక నుంచి తమ్ముడు నవ్వుతున్నాడు. వినరా నాయనా, విన్నాక నవ్వు.

అమెరికా నల్లవాళ్ళ గోడు మన పెద్దలకి కొత్త కాదు. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకం రాసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. బాబాసాహెబ్ 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కి స్వయంగా ఉత్తరం రాశాడు. కాబట్టి మనం పరాయి ఇంట్లోకి తొంగిచూడటం లేదు.

ఆ యూనివర్సిటీ పేరు లింకన్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, చెస్టర్ కౌంటీలో ఉంది. అది కట్టక ముందు అక్కడ హిన్సన్‌విల్ అని ఒక పల్లె. బానిసలు కాని నల్లవాళ్ళు భూమి కొనుక్కుని, సేద్యం చేసుకుంటూ బతికిన పల్లె. వాళ్ళకి హోసన్నా అని చిన్న ప్రార్థన మందిరం కూడా ఉంది. స్వేచ్ఛగా ఉన్నారంటే సుఖంగా ఉన్నారని కాదు. కొద్ది మైళ్ళ దూరంలోనే మేరీలాండ్, అది బానిస రాష్ట్రం. 1850లో వచ్చిన చట్టం ప్రకారం పారిపోయి వచ్చిన బానిసని ఎక్కడున్నా పట్టి అప్పజెప్పాలి. ఆ చట్టం చాటున దొంగలు స్వేచ్ఛగా పుట్టినవాళ్ళని కూడా ఎత్తుకుపోయి అమ్ముకునేవాళ్ళు. 1851 డిసెంబరులో రేచల్ పార్కర్ అనే పనిపిల్లని అట్లాగే లాక్కుపోయారు. ఆమె చెల్లెలు ఎలిజబెత్‌ని అంతకు ముందే ఎత్తుకెళ్ళి న్యూ ఆర్లీన్స్‌లో అమ్మేశారు. రేచల్ పనిచేసే ఇంటి యజమాని జోసెఫ్ మిల్లర్ అనే తెల్లరైతు ఆమెని వెతుక్కుంటూ బాల్టిమోర్ దాకా పోయాడు. ఆయన ప్రాణంతో తిరిగి రాలేదు, చెట్టుకు వేలాడుతూ శవం దొరికింది. 1853 జనవరిలో గానీ ఆ ఆడపిల్లలిద్దరికీ విడుదల దొరకలేదు. వాళ్ళ కోసం తిరిగినవాళ్ళలో జాన్ మిల్లర్ డిక్కీ అనే పాస్టరు ఒకడు.

హిన్సన్‌విల్ పల్లెలో జేమ్స్ రాల్‌స్టన్ ఏమోస్ అని ఒక మనిషి. చదువు మీద ఆకలి. ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో ఉన్న డిక్కీ దగ్గరికి నడిచి పోయి చదువుకునేవాడు. ఇతను పాస్టరు కావాలంటే పెద్ద చదువు కావాలి. డిక్కీ ప్రిన్స్‌టన్ సెమినరీని అడిగాడు, లేదన్నారు. ఫిలడెల్ఫియాలో తమ సంఘం వాళ్ళు నడిపే బడిని అడిగాడు, అక్కడా లేదన్నారు. యేసు నామం అంతా ఒకటే గానీ బెంచీలు మాత్రం వేరు. ఇది మన చర్చిలకి కూడా తగిలే మాట, పాస్టరుగారు నవ్వుతున్నారు గాబట్టి ధైర్యంగా అంటున్నా.

అప్పుడు డిక్కీ, ఆయన భార్య సారా ఎమ్లెన్ క్రెసన్ కలిసి కొత్తగా ఒక విద్యాసంస్థ పెట్టటానికి పూనుకున్నారు. 1854 ఏప్రిల్ 29న పెన్సిల్వేనియా ప్రభుత్వం అనుమతి పత్రం ఇచ్చింది. పేరు ఆష్‌మన్ ఇన్‌స్టిట్యూట్. 1857లో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది విద్యార్థులతో తలుపులు తీశారు. వాళ్ళలో జేమ్స్ ఏమోస్, అతని సోదరుడు థామస్ ఉన్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పెట్టినవాళ్ళ బుద్ధి పూర్తిగా తెల్లని పాలేమీ కాదు. ఆష్‌మన్ అనే ఆయన ఆఫ్రికాలో లైబీరియా వలసని నడిపినవాడు. నల్లవాళ్ళకి చదువు చెప్పి, వాళ్ళని ఆఫ్రికాకి పంపించేస్తే అమెరికా సమస్య తీరుతుందనే ఆలోచన ఆ పేరులోనే ఉంది. ఏమోస్ అన్నదమ్ములు 1859లో ఓడెక్కి లైబీరియా పోయారు కూడా. కానీ నల్లవాళ్ళలో ఎక్కువమంది, మా చెమటతో కట్టిన దేశం ఇది, ఎక్కడికీ పోము అన్నారు. బడి నిలబడింది, పంపించేసే ఆలోచన చచ్చిపోయింది. అబ్రహాం లింకన్ హత్య జరిగిన మరుసటి ఏడు, 1866లో, ఆ బడికి లింకన్ యూనివర్సిటీ అని పేరు మార్చారు. ఎవరో తమ లెక్కతో పెట్టిన చదువుని మనం మన లెక్కకి మలుపుకోవచ్చు. మిషనరీ బడుల్లో చదువుకున్న మన తాతలు చేసిందీ అదే.

అక్కడ ఏం చెప్పేవాళ్ళు? లాటిన్, గ్రీకు, హీబ్రూ, గణితం, తత్వం, వేదాంతం. లా, వైద్యం కూడా 1870ల్లో మొదలుపెట్టి డబ్బుల్లేక మూసేశారు. పాఠాలు చెప్పేవాళ్ళలో ప్రిన్స్‌టన్‌లో చదివినవాళ్ళు ఎక్కువ, అందుకే దాన్ని 'నల్ల ప్రిన్స్‌టన్' అనేవాళ్ళు. ప్రిన్స్‌టన్ రానివ్వలేదు, ప్రిన్స్‌టన్ చదువే ఈ పల్లె పక్కకి వచ్చింది. ఇది చిన్న విషయం అనుకోకండి. ఆ రోజుల్లో నల్లవాళ్ళకి వడ్రంగం, ఇటుకలు, సేద్యం నేర్పితే చాలు, గ్రీకు ఎందుకు అని వాదం నడిచేది. 1881లో బుకర్ వాషింగ్టన్ మొదలుపెట్టిన టస్కెగీ బడి చేతిపని మీద నడిచింది. దాన్ని నేను తక్కువ చెయ్యను, ఎంతోమందికి తిండి పెట్టింది. కానీ మన పిల్లోడికి పదిలో మార్కులు తగ్గితే చాలు, "మీకు ఐటీఐ చాలయ్యా, పెద్ద చదువులు మీ వల్ల కావు" అని చెప్పే నోళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. నాకూ చెప్పారు. ఐటీఐ మంచిదే. నువ్వు ఎంచుకుని పోతే మంచిది, ఇంకొకడు నీ నొసటన రాసి పంపిస్తే అది వెట్టి కిందే లెక్క.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న సంగతికి వస్తున్నా, జాగ్రత్తగా వినండి.

1929లో లింకన్‌లో లాంగ్‌స్టన్ హ్యూస్ అనే కవి ఆఖరి ఏడు చదువుతున్నాడు. అప్పటికే పేరున్న కవి. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదివిన కొలంబియా యూనివర్సిటీలోనే ఇతనూ 1921లో చేరి, ఇమడలేక ఏడాదికే బయటికి వచ్చాడు. ఓడల మీద పనిచేసి, దేశాలు తిరిగి, 1926లో లింకన్‌కి వచ్చి చేరాడు. ఆయన చూసిందేంటి? పిల్లలంతా నల్లవాళ్ళు, పంతుళ్ళంతా తెల్లవాళ్ళు. పుట్టి 75 ఏళ్ళయిన నల్లవాళ్ళ యూనివర్సిటీ! సరే, పిల్లలు ఏమనుకుంటున్నారో అడుగుదామని క్లాసు పనిలో భాగంగా సర్వే చేశాడు. మూడో ఏడు, నాలుగో ఏడు వాళ్ళని అడిగితే సగానికి పైగా మాకు తెల్ల పంతుళ్ళే కావాలి అన్నారు. ఎందుకయ్యా అంటే, నల్లపంతులైతే పక్షపాతం చూపిస్తాడు, అంత బాగా చెప్పలేడు, ఇప్పుడున్నది బాగానే ఉందిగా అని. అక్కడే చదువుతున్న తుర్‌గుడ్ మార్షల్ అనే కుర్రోడు కూడా మొదట అటువైపే ఓటేశాడు. తర్వాత హ్యూస్ లాంటివాళ్ళతో వాదించి మనసు మార్చుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు ఎవరిమీదా కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా హైస్కూలుకి లెక్కల మాస్టారు ఒకాయన మన వాడ నుంచే వచ్చాడు. హాస్టల్ పిల్లలం మేమే గుసగుసలాడాం, "ఈయనకి రిజర్వేషన్లో వచ్చింది, ఈయనేం చెబుతాడు" అని. సాయంత్రం ఊళ్ళో వాళ్ళ మాస్టారి దగ్గరికి ట్యూషన్‌కి పోయాం. వాళ్ళింటి వసారా బయట కూర్చోబెట్టాడు, నేల మీద. పదో తరగతిలో నేను లెక్కలు గట్టెక్కింది మా సారు రాత్రిళ్ళు హాస్టల్‌కి వచ్చి చెప్పిన పాఠాలతోనే, ఒక్క పైసా తీసుకోకుండా. ఆయన ఇప్పుడు లేడు. ఆయనకి ఆ మాట నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

నేను ఈ పల్లెకి బదిలీ అయి వచ్చిన మొదటి వారం, మన అమ్మలే ఇద్దరు వచ్చి, "సారూ, ఊళ్ళో వాళ్ళ టీచరు ఎవరూ రారా?" అని అడిగారు. వాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, తలొంచుకోవద్దమ్మా, మీ తప్పు కాదు. వెయ్యేళ్ళ నుంచి మన నెత్తిన కొట్టిన మేకు అది. అమెరికాలోనూ అదే మేకు.

లింకన్‌కి నల్ల ప్రొఫెసర్లు 1930ల్లో వచ్చారు. మొదటి నల్ల అధ్యక్షుడు హొరేస్ మాన్ బాండ్. అక్కడే 1923లో పట్టా తీసుకున్నవాడు, 1945లో కుర్చీ ఎక్కాడు. 1854 నుంచి లెక్కేసుకోండి, 91 ఏళ్ళు. మరుసటి ఏడు మే నెలలో ఆయన పిలిస్తే ఐన్‌స్టీన్ వచ్చాడు. అంత పెద్ద మనిషి ఈ చిన్న చోటికి వచ్చి పట్టా తీసుకుని, పిల్లలకి పాఠం చెప్పి, జాతి వేర్పాటు అనేది తెల్లవాళ్ళకి పట్టిన రోగమని, దాని గురించి తను నోరు మూసుకుని ఉండనని అన్నాడు. మన దగ్గర అంటరానితనం మన సమస్య అని అందరూ అంటారు. రోగం ఎవరిదో ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. అదే 1946లో బాబాసాహెబ్ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు.

మార్షల్ సంగతి ముగించలేదు కదా. చదువుకునే రోజుల్లోనే తోటి పిల్లలతో పోయి ఆక్స్‌ఫర్డ్ సినిమాహాల్లో తెల్లవాళ్ళ సీట్లలో కూర్చుని వచ్చాడు. 1930లో పట్టా తీసుకున్నాడు. సొంత రాష్ట్రం మేరీలాండ్ లా కాలేజీ నల్లవాళ్ళని చేర్చుకోదు. వాషింగ్టన్‌లో హోవర్డ్‌లో చేరాలి. తండ్రి రైలు భోజనశాలలో పనిచేసినవాడు, తల్లి నార్మా బడిపంతులమ్మ. కొడుకు ఫీజు కోసం ఆమె తన పెళ్ళి ఉంగరం, నిశ్చితార్థం ఉంగరం తాకట్టు పెట్టింది. 1933లో లా పూర్తిచేశాడు. తర్వాత రెండేళ్ళకే, మరే అనే నల్ల విద్యార్థి తరఫున నిలబడి, ఆ మేరీలాండ్ లా కాలేజీ తలుపులే కోర్టులో తెరిపించాడు. 1954 మే 17న బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వెనక వాదించిన లాయరు ఆయనే. 1967లో అదే సుప్రీంకోర్టుకి మొదటి నల్ల జడ్జి అయ్యాడు.

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నైజీరియాకి మొదటి అధ్యక్షుడైన అజికివే అక్కడ చదివాడు. ఆయన దారిలోనే వచ్చిన ఎన్‌క్రుమా 1939లో డిగ్రీ తీసుకున్నాడు, సెలవుల్లో హార్లెం వీధుల్లో చేపలమ్మి పొట్టపోసుకున్నాడు. 1957లో ఘనాకి స్వాతంత్య్రం తెచ్చాడు.

ఆడపిల్లల విషయంలో మాత్రం లింకన్ని మెచ్చుకోలేను. దాదాపు వందేళ్ళు మగపిల్లలదే రాజ్యం, 1950ల్లో గానీ ఆడపిల్లలకి పట్టాలు దక్కలేదు. వేదాంత విభాగాన్ని 1959లో మూసేశారు. 1972లో అది ప్రభుత్వ సంబంధ యూనివర్సిటీ అయింది. అంటే సొంత పాలకమండలి ఉంటుంది, అందులో ప్రభుత్వం మనుషులూ ఉంటారు, ఏటా రాష్ట్ర ఖజానా నుంచి డబ్బు వస్తుంది, ఆ రాష్ట్రం పిల్లలకి ఫీజు తగ్గుతుంది. ఇప్పటికీ చిన్నదే, సుమారు రెండు వేలమంది విద్యార్థులు. జీవశాస్త్రం, రసాయనం, నర్సింగు, వ్యాపారం, పత్రికారంగం, ఆఫ్రికా జాతుల చరిత్ర చెబుతారు. పనిచేసుకుంటూ చదివేవాళ్ళకి ఫిలడెల్ఫియాలో మాస్టర్స్ కూడా ఉంది.

ఇంకో ముచ్చట. బార్న్స్ అని ఒక ధనికుడు తన చిత్రాల సంస్థకి ట్రస్టీలని ఎంపిక చేసే హక్కు లింకన్‌కి రాసి 1951లో చనిపోయాడు. ఆ బొమ్మల ఖరీదు చెబితే మనకి సున్నాలు లెక్కపెట్టటం రాదు. అయిదు కుర్చీల్లో నాలుగు లింకన్ చేతిలో ఉండేవి. కోర్టుల చుట్టూ తిరిగాక, 2004లో కుర్చీలు పదిహేను చేశారు, లింకన్‌కి అయిదు మిగిలాయి. బొమ్మలు 2012లో ఫిలడెల్ఫియా నగరానికి పోయాయి. బదులుగా ప్రభుత్వం లింకన్‌కి డబ్బిచ్చింది. మీ నవ్వు చూస్తే మీకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. మన అసైన్డ్ భూములు. కాగితం మన పేరున, దున్నేది ఇంకొకరు.

హిన్సన్‌విల్ పల్లె ఇప్పుడు ఆ పేరుతో లేదు. ఆ చోటుని లింకన్ యూనివర్సిటీ అనే పిలుస్తారు. హోసన్నా మందిరం మాత్రం పక్కనే నిలబడి ఉంది.

మన దగ్గర యూనివర్సిటీలకి ఏమైంది? ఏళ్ళ తరబడి పోస్టులు ఖాళీ, గెస్టు లెక్చరర్లతో నెట్టుకొస్తున్నారు. పక్కన ప్రైవేటు యూనివర్సిటీలు అద్దాల మేడల్లా లేస్తున్నాయి, అక్కడ మన పిల్లోడు గేటు దాటాలంటే తల్లి మెళ్ళో పుస్తెలు సరిపోవు. ఖాళీ పోస్టులు నింపమని మనం అడగకపోతే రేపు రిజర్వేషన్ ఉన్నా కూర్చోటానికి కుర్చీ ఉండదు. ఈ నెలాఖరున కలెక్టరాఫీసు ముందు ధర్నా అందుకే.

చివరిగా మన పని ఒకటుంది. మన వాడలో ఈ ఏడు ముగ్గురు ఆడపిల్లలు డిగ్రీ పూర్తిచేశారు. ఒకమ్మాయికి ఎమ్మెస్సీ చదవాలని ఉంది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాన్నా, నువ్వు ఇక్కడే ఉన్నావు, నీతో నేను విడిగా మాట్లాడతా, ఇక్కడ పేరు చెప్పను. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకి దరఖాస్తు కట్టాలి, హాస్టల్‌కి కులం కాగితం, ఆదాయం కాగితం కావాలి. ఎమ్మార్వో ఆఫీసులో తిప్పించుకుంటారు గాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి. రేపు సాయంత్రం బడి విడిచాక నేను బడి దగ్గరే ఉంటా. మార్కుల కాగితాలు, ఆధార్, రెండు ఫోటోలు పట్టుకుని రండి. పిల్లల్ని ఒక్కళ్ళనే పంపొద్దు, అమ్మలు కూడా రండి. జై భీమ్.