ఖుబానీ కొయ్య, పారసీక తంత్రి

మాదాపూరునుండి గచ్చిబౌలివరకు వ్యాపించిన సైబరాబాదు వీథులలో నేడు యువజనుల చెవులలో ఏ దేశపు సంగీతము మ్రోగుచున్నదో చెప్పజాలము. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట పలుదేశముల పనులతోపాటు పలుదేశముల పాటలును ఇచటికి చేరినవి. రెండు దేశముల బాణీలను కలిపిన పాటలు వానిలో కొల్లలు. పెక్కింటియందు యంత్రపు తాళమొకటి అన్నింటిని ఒకే మూసలో పోయును. ఏ స్వరము ఎవరిదో వినువారికి తెలియదు. అట్లుగాక కలిసిన సంగీతమొకదానిని గూర్చి శ్రోతలకు మనవిచేయదలచినాము.

2003లో తెహరాను నగరమునందలి నియావరాన్ ప్రాసాదమున ఒక కచేరి జరిగెను. వేదికపై ఒకరు తార్, సెతార్ వాద్యములలో సిద్ధహస్తుడైన హుస్సేన్ అలీజాదే. ఆయనతో హమావాయాన్ బృందము. రెండవవారు ఆర్మీనియానుండి వచ్చిన జివాన్ గాస్పర్యాన్. అప్పటికే డెబ్బది దాటినవాడు. ఆ కచేరియే 'ఎండ్‌లెస్ విజన్' అను ఆల్బముగా వెలువడి, 2007లో గ్రామీ పురస్కారపు తుదిజాబితాకెక్కెను.

గాస్పర్యాన్ వాయించినది దుదుక్. మూరెడు పొడవైనను లేని ఈ వాద్యమును ఖుబానీ చెట్టు కొయ్యతో చేయుదురు. మన హైదరాబాదు విందులలో 'ఖుబానీ కా మీఠా'గా మారెడి పండు ఆ చెట్టుదే. నోటికడ వెడల్పైన రెల్లు నాలుక యుండును. ఒక స్థాయిని మించి అది పెద్దగా పలుకదు. అయినను దాని ధ్వని మనుష్యకంఠమునకు మిక్కిలి చేరువ. దానికి తోడుగా వేరొక విద్వాంసుడు మరియొక దుదుక్‌పై ఒకే స్వరమును ఊపిరి తెగనీయక నిలిపియుంచును. ఆ నిలుపుదలను 'దమ్' అందురు. పారసీకమున దమ్ అనగా ఊపిరియే. సన్నాయి మేళములో శ్రుతి పట్టువానిని ఎరిగిన మనకు ఇది వింతకాదు. అతని బుగ్గలు చూచి పిల్లలు నవ్వుదురుగాని, అతడు మానినచో సన్నాయి విద్వాంసుడు ఒంటరివాడగును. సన్నాయి అను మాటయు పారసీకపు 'సుర్నాయ్'కి చుట్టమే. ఆర్మీనియాలో అది 'జుర్నా'.

మన పన్నెండు స్వరస్థానముల నడుమ పడెడి సూక్ష్మస్వరములు పారసీక సంగీతమునకు ప్రాణము. వానిని అలీజాదే ఎచటను వదలుకొనలేదు. గాస్పర్యాన్ తన నెమ్మదిని వదలుకొనలేదు. ఒకరు పలుకునపుడు మరియొకరు వెనుకకు తగ్గుదురు. మాకు మిక్కిలి నచ్చినది ఈ మర్యాదయే.

1979 తరువాత ఇరానులో పురుషులున్న సభలో స్త్రీ ఒంటరిగా పాడుటకు అనుమతి లేదు. హమావాయాన్ బృందమున స్త్రీకంఠము ఇతరకంఠములతో జతగూడి వినవచ్చును. జతగూడినను అణగిపోదు.

'సారీ గెలిన్' అను జానపదగీతము ఇందు తలమానికము. ఆర్మీనియనులు తమదందురు, అజర్‌బైజానీయులు తమదందురు, తురుష్కులును తమదే యందురు. ఆర్మీనియా, అజర్‌బైజానులు 1990 ప్రాంతమునను, మరల 2020లోను యుద్ధమున రక్తమోడ్చినవి. ఈ కచేరిలో ఆ గీతము ఒకటికి మించిన భాషలలో సాగును. అది ఎవరిదను వ్యాజ్యమును పండితులు విచారించుకొందురు గాక.

ఈ రెండు జాతులును మన నగరమునకు పాత పరిచయములే. గోల్కొండ సుల్తానుల వంశమునకు మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరానులోని హమదాను వాడు. ఉప్పుగూడలో పదునేడవ శతాబ్దపు ఆర్మీనియనుల సమాధులు కలవు. వారి లిపి రాళ్లపై నిలిచినది. వారి పాట నిలువలేదు. మన తల్లులు జోలపాటలలో పాడెడి నవరోజు రాగము పేరున మాత్రము పారసీకపు కొత్తయేటి పండుగ దాగియున్నది.

గాస్పర్యాన్ 2021లో కీర్తిశేషుడయ్యెను. ఈ ఆల్బమును వినగోరువారు మొదట పాటను కొంచెము ప్రక్కకుంచి, అడుగున కదలక నిలిచియున్న ఆ ఒక్క స్వరమును చెవితో పట్టుకొనవలెనని మా మనవి.