కారం మీద నెపం



కడుపులో నొప్పి అనగానే మన ఇళ్ళలో ముందుగా వచ్చే మాట, "కారం తగ్గించు" అని. గుంటూరు మిరపకాయకు దేశమంతటా పేరు తెచ్చిన వాళ్ళం. కొత్తావకాయ లేనిదే మనకు ముద్ద దిగదు. అందుచేత ఆ మాటలో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. వేడిని పసిగట్టే నరాలను అది తట్టిలేపుతుంది. అందుకే నోరు కాలినట్లనిపిస్తుంది. అది నీళ్ళలో సరిగా కరగదు గనుక చెంబెడు నీళ్ళు తాగినా మంట చల్లారదు. పాలో, పెరుగో తీసుకుంటే ఉపశమిస్తుంది.

కారం మితిమీరితే ఛాతీలో మంట, పుల్లత్రేన్పులు, విరేచనాలు కలుగవచ్చు. మొలలున్నవారికి బాధ ఎక్కువ కావచ్చు. ఊరగాయలో కారంతోపాటు ఉప్పూ దండిగా వుంటుంది కాబట్టి రక్తపోటు వున్నవారు మరీ జాగ్రత్తపడాలి.

అయితే కడుపులో పుండుకు మాత్రం కారం మూలకారణం కాదు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపులో వుండే ఒక సూక్ష్మజీవిని గుర్తించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. పుండ్లలో ఎక్కువభాగం ఆ సూక్ష్మజీవివల్లనో, కీళ్ళనొప్పులకూ ఒళ్ళునొప్పులకూ రోజుల తరబడి మింగే మాత్రలవల్లనో పడేవే. పుండు పడ్డాక కారం బాధను పెంచవచ్చు, అంతే.

ఇదంతా ముఖ్యంగా మనకోసమే చెబుతున్నాను. ఇంటిల్లిపాదికీ వడ్డించి ఏ రెండింటికో కూర్చుంటాం. అప్పటికి కూర గిన్నె ఖాళీ. ఆవకాయతో రెండు ముద్దలు కలుపుకుంటాం. నొప్పి వస్తే, "కారం తిన్నానులే" అని మజ్జిగ తాగి పడుకుంటాం. ఇలా నెలలు గడుస్తాయి.

నొప్పి రెండు మూడు వారాలైనా వదలకపోతే డాక్టరుకు చూపించుకోండి. మింగుడు పడకపోయినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చెయ్యవద్దు. నల్లని విరేచనమైనా, వాంతిలో రక్తం పడినా, ఛాతీమంటతోపాటు చెమటలూ ఆయాసమూ వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సూక్ష్మజీవివల్ల వచ్చిన పుండు రెండు వారాల మందుల కోర్సుతో చాలామందికి నయమయ్యే దారి పడుతుంది. ఆ మందులు డాక్టరు రాసినవే వాడాలి, మధ్యలో మానకూడదు.

ఆవకాయ మానమని నేననను. పప్పులోనో, పెరుగన్నంలోనో నంజుకోండి. వడ్డించేటప్పుడే మీ వంతు కూర విడిగా తీసి మూతపెట్టుకోండి.