మార్కులు ఉపాధ్యాయునికి కొలబద్దయా?
(ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము పదవ తరగతి ఫలితములు రాగానే గుడి ఆవరణములో వినబడు మొదటి ప్రశ్న ఒకటే: "మాస్టారూ, మన బడికి ఎంత శాతము వచ్చినదండీ?" ఆ అంకెను బట్టియే ఈ మాస్టారు గట్టివారు, ఆ టీచరమ్మ చాలదు అని తీర్పు తీర్చుచున్నాము. ఈ తీర్పు న్యాయమైనదేనా?

ఈ కొలత క్రొత్తది కాదు. ఇంగ్లండులో విద్యాశాఖ బాధ్యత వహించిన రాబర్ట్ లో 1862లో తెచ్చిన నియమావళి ప్రకారము, ఇన్‌స్పెక్టరు ప్రతి బిడ్డను చదువుట, వ్రాయుట, లెక్కలలో పరీక్షించెడివాడు. బిడ్డ తప్పిన ఒక్కొక్క అంశమునకు 2 షిల్లింగుల 8 పెన్నీల గ్రాంటు బడికి తగ్గెడిది. ఫలితమేమి? పిల్లలు వాచకమును అర్థము తెలియకయే బట్టీపట్టిరి. మిగిలిన పాఠములు మూలబడెను. స్వయముగా ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డే దీనిని గట్టిగా విమర్శించెను. 1890వ దశకములో అక్కడ ఆ పద్ధతి అంతరించెను. మన మద్రాసు రాజధానిలోను ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి మిషను బడులకు వర్తించెను. 1904లో కర్జను ప్రభుత్వపు విద్యా తీర్మానము దానిని విడనాడెను.

మార్కులు వ్యర్థములని నేననుట లేదు. ఏ బిడ్డ ఎక్కడ వెనుకబడినదో అవి చూపును. కాని పిల్లల మార్కులలోని హెచ్చుతగ్గులలో ఉపాధ్యాయుని వలన కలుగునది సుమారు 1 నుండి 14 శాతమేయని అనేక పరిశోధనలలో తేలినట్లు, అమెరికా గణాంక శాస్త్రజ్ఞుల సంఘము 2014లో ప్రకటించెను. ఇల్లు, ఆకలి, ఆరోగ్యము, బడి వసతులు కూడ మార్కులలో ఉన్నవి. పొలము పనిచేసి బడికి వచ్చు బిడ్డకును, ట్యూషను గల బిడ్డకును నడుమనున్న తేడాను మాస్టారిపై మోపుట తగునా?

నా తప్పు ఒకటి ఒప్పుకొందును. నేను ప్రధానోపాధ్యాయునిగా నున్న దినములలో, నూటికి నూరు శాతము రావలెనని, లెక్కలలో వెనుకబడిన ఒక కూలివారి అమ్మాయిని తొమ్మిదవ తరగతిలోనే ఆపివేసితిని. ఆ ఏడు నూరు శాతము వచ్చినది. నాకు శాలువా కప్పిరి. ఆ అమ్మాయి మరల బడికి రాలేదు. ఆ నూరులో ఆమె లెక్కకు రాలేదు.

కాబట్టి పెద్దలారా, ఉపాధ్యాయుని గూర్చి ఈ మూడు సంగతులు అడుగుడి. జూన్‌లో బిడ్డకు ఏమి వచ్చును, ఏడాది చివరకు ఎంత నేర్చినది? చేరినవారిలో ఎందరు చివరివరకు నిలిచిరి? మనలో ఎవరైనను తరగతిలో కూర్చుండి ఆయన బోధ చూచితిమా? ఆ తరువాతనే శాతము.

రాబోవు ఫలితముల దినమున, "ఎంత శాతము?" అనుటకు ముందు, "మనతో చేరి, ఇప్పుడు కనబడని బిడ్డ ఎవరు?" అని అడుగుదము. ఆ బిడ్డ ఇంటికి వెళ్లుదము. ఆ పని నేను ఆనాడు చేయలేదు, మీరు చేయుడి.

సెలవు.