సంగీతమున ఎం.ఏ. పట్టము



ఇంట పిల్ల చక్కగా పాడుచున్నదన్నచో, పూర్వము పెద్దలు ఏ గురువు చెంత చేర్చుదమా యని ఆలోచించెడివారు. నేడు దానికి తోడు మఱియొక ప్రశ్న వచ్చినది. "పాటకు కూడ ఎం.ఏ. ఉన్నదట గదా! మా పిల్లను అందు చేర్పింపవచ్చునా?" సంగీతము చెప్పుకొని జీవించువాడనగుటచే నన్ను ఈ మాట అడుగువారు పెక్కండ్రు. కాని వారిలో చాలమంది పిల్ల డిగ్రీ ముగించిన పిమ్మట అడుగుదురు. ఆ వేళకు సమాధానము సగము నిర్ణయమైపోయి యుండును. కావున పది పండ్రెండేండ్ల పిల్లలున్న యిండ్లవారిని మనస్సున నుంచుకొని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ఈ చదువునకు రెండు వాకిళ్లు కలవు. ఒకటి కాగితముల వాకిలి. రెండవది కంఠపు వాకిలి. వీణయో, వైలినో అభ్యసించినవారికి చేతి వాకిలి యనుకొనుడు. రెండును తెఱచుకొన్నగాని లోనికి పోవుట లేదు. పదవ తరగతి, ఇంటర్మీడియట్టు, ఆపై కనీసము మూడేండ్ల డిగ్రీ, ఈ మూడును వరుసగా ముగించియుండవలెను. ఇది మొదటి వాకిలి. ఆ డిగ్రీ సంగీతములోనిదే కావలెనా యన్న విషయమున అన్ని విశ్వవిద్యాలయములకు ఒక్క మాట లేదు. కొన్నిచోట్ల సంగీతము ప్రధానముగా చదివినవారినే చేర్చుకొందురు. మఱికొన్నిచోట్ల ఏ డిగ్రీ యైనను సరియే కాని, సంగీత కళాశాల సర్టిఫికెట్టో డిప్లొమాయో చూపి, పరీక్షకుల యెదుట పాడి మెప్పింపవలెను. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమును, తిరుపతిలో 1983లో స్త్రీలకొఱకు నెలకొల్పబడిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును ఈ చదువు గల తావులే. ఒకచోటి నియమము మఱియొకచోట చెల్లదు. నిరుటి నియమము ఈ యేడు మాఱవచ్చును. ఆ యేటి ప్రకటనను తెప్పించుకొని చదువుట మేలు.

కాగితములు లేని కాలము కూడ నుండెను. 1919లో విజయనగర సంస్థానాధిపతులు సంగీత కళాశాలను స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అప్పటికి ఇరువదియాఱేండ్లవారు. విద్యార్థిగా చేరుదమని పోగా, దాసుగారు ఆయన వాయింపు విని, ఈయన నేర్చుకొనవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని వైలిన్ ఆచార్యత్వమే యిప్పించిరని చెప్పుదురు. నాయుడుగారు తరువాత 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. అట్టి చెవి, అట్టి అధికారము ఒక్కరియందే యున్న దినములవి. నేడు వినువారొకరు, నియమము వ్రాయువారొకరు. వినినవాడు మెచ్చినను, కాగితము లేనిదే గుమాస్తా పేరు వ్రాసికొనడు. దీనిని తప్పనుటకు వీలులేదు. వందలమంది వచ్చుచోట కొలత యొకటి యుండవలెను గదా!

మన ప్రభుత్వ సంగీత కళాశాలలలో సర్టిఫికెట్టు చదువు నాలుగేండ్లు, ఆపై డిప్లొమా రెండేండ్లు. మొత్తము ఆఱేండ్లు. పండ్రెండవ యేట చేరిన పిల్లకు పదునెనిమిదవ యేట డిప్లొమా చేతికి వచ్చును. అప్పటికి ఇంటర్మీడియట్టు ముగిసి డిగ్రీలో అడుగుపెట్టి యుండును. డిగ్రీ ముగియునప్పటికి రెండు కాగితములును సిద్ధము. అదే పిల్లను "ముందు చదువు కానిమ్ము, పాట తరువాత చూతము" అని డిగ్రీ వఱకు ఆపినచో, ఇరువదియొకటవ యేట సరళీస్వరములు మొదలుపెట్టవలసివచ్చును. గొంతు అప్పటికి తన అలవాటులను తాను చేసికొని కూర్చుండును.

కంఠపరీక్షలో ఏమి అడుగుదురు? సామాన్యముగా ఒక వర్ణమును రెండు కాలములలో పాడుమందురు. ఒక కీర్తన, దానికి ముందు కొంత రాగాలాపన, తరువాత కల్పనస్వరములు. పరీక్షకుడు ఒక స్వరసమూహమును పాడి, ఇది యే రాగమని అడుగవచ్చును. తాళము చేత వేయుచు పాడవలెను. ఇచ్చటనే పెక్కుమంది తడబడుదురు. సినిమా పాటయు, భజన కీర్తనయు ఎంత మధురముగా పాడినను ఈ పరీక్షకు చాలవు.

ఇంకొక సంగతి. మన పల్లెలలో భజన మందిరమున హార్మోనియముపై నేర్చిన పిల్లలు ఎందఱో కలరు. హార్మోనియము మెట్టు మెట్టుగా నిలిచిన స్వరమునే యిచ్చును. తోడిలో గాంధారము, శంకరాభరణములో మధ్యమము ఊగవలసిన ఊపు దాని యందు లేదు. 1940 నుండి చాలకాలము ఈ రేడియోలోనే ఆ పెట్టెకు ప్రవేశము లేకుండెను. నేను దానిని నిందించుట లేదు. నాటకములకు, భజనలకు అది చేసిన మేలు గొప్పది. కాని పరీక్షకు పోవు పిల్లకు తంబురా శ్రుతితో పాడు అలవాటు ముందుగనే చేయింపుడు.

చేరిన పిమ్మట చదువు రెండేండ్లు, నాలుగు భాగములుగా జరుగును. నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీ గలవారికి ఒక్క యేడు చాలునని 2024లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము చెప్పినది. హాజరు సామాన్యముగా నూటికి 75 వంతులుండవలెను. పాట సగము, శాస్త్రము సగమనుకొనుడు. రాగము, తానము, పల్లవి పాడవలెను. భరతుని నాట్యశాస్త్రము, శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరము, విజయనగర సామ్రాజ్యమున రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి, 72 మేళములను నిర్ణయించిన వేంకటమఖి గ్రంథము, వీనిలో ఏమున్నదో తెలిసికొనవలెను. ఇచ్చట తెలుగు పిల్లకు ఒక లాభము కలదు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో తమిళదేశపు ఎట్టయపురమున అచ్చయినను, అది తెలుగు భాషలో, తెలుగు లిపిలో వ్రాసిన గ్రంథము. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలను పరిశోధింపగోరి తమిళ విద్యార్థులు మన అక్షరములు దిద్దుకొనుట నేను చూచితిని. మన పిల్లలు మాత్రము ఆ గ్రంథము పేరు ఎఱుగక వచ్చుచున్నారు.

ఇంత చేసి ఫలమేమని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పట్టము వలన ఎవడును విద్వాంసుడు కాడు. రేడియోలో పాడుటకు పట్టము అక్కఱలేదు. స్వరపరీక్షలో నెగ్గిన చాలును. సభలో కూర్చున్నవాడు ఎం.ఏ. ప్యాసయితివా యని అడుగడు. పట్టము కావలసినది ముఖ్యముగా బోధించుటకు. కళాశాలలో అధ్యాపకత్వమునకు ఎం.ఏ.లో నూటికి 55 మార్కులు, రిజర్వేషను గలవారికి 50, ఆపై నెట్ అను జాతీయ పరీక్ష అడుగుదురు. 2018 నాటి నియమములలో మఱియొక దారి కూడ పెట్టిరి. ప్రసిద్ధ గురువు వద్ద నేర్చి, ఆకాశవాణిలో ఏ గ్రేడు పొంది, శాస్త్రమును సోదాహరణముగా వివరింపగల కళాకారుడు ఎం.ఏ. లేకున్నను అర్హుడే. కాని అతనికిని డిగ్రీ యుండవలెను.

ఈ చివరి మాట ఎంత బరువైనదో నేనెఱిగిన యొక నాదస్వర విద్వాంసుని కుమారుని చూచిన తెలియును. అతడు తోడిరాగమును గంటసేపు వాయించినను వాయించినది మరల వాయింపడు. ముహూర్తముల కాలమున తండ్రికి తోడు కావలసి ఎనిమిదవ తరగతిలో బడి మానిపించిరి. ఒక కళాశాలలో బోధకుడు కావలెనని విచారింపబోగా, వాయింపు వినుటకు ముందే కాగితములు అడిగిరి. అతడు బాధపడెను గాని కూర్చుండలేదు. ఓపెన్ స్కూలు ద్వారా ఇరువదిరెండవ యేట పదవ తరగతి, తరువాత ఇంటర్మీడియట్టు ముగించి, ఇప్పుడు డిగ్రీ చదువుచున్నాడు. పెండ్లి పందిట మేళము ఆగినప్పుడు డోలు ప్రక్కన పుస్తకము తెఱచికొని కూర్చుండుట నేను చూచితిని. ఇంటర్మీడియట్టు లేకయే డిగ్రీ యిప్పింతుమను దళారులు అతని వద్దకును వచ్చిరి. అట్టి పట్టములను చాలచోట్ల అంగీకరింపరు. అతడు వారిని పంపివేసి మంచి పని చేసెను.

చిన్న విషయమొకటి మిగిలినది. సంగీత పరీక్షల దరఖాస్తులో గురువుగారు పిల్లను ఇంట పిలుచు పేరు వ్రాయుదురు; బడి పత్రములో ఇంటిపేరుతో మఱియొక తీరుగా నుండును. చేరుదినమున ఇద్దఱును ఒక్కరేయని నిరూపించుటకు తిరుగవలసివచ్చును. పదవ తరగతి పత్రమున నున్న పేరునే, అక్షరము మాఱకుండ, మొదటి సంగీత పరీక్షనాడే వ్రాయింపుడు.